ముప్పై రెండు ముందు తీసేయాలి

నవంబరు 3, సోమవారం

ఈ రోజు పనులు: వంట మూడు పూటలు. గిన్నెలు రెండు విడతలు. బట్టలు రెండు బకెట్లు. గుమ్మం దగ్గర బల్బు ఒకటి మార్చడం. అత్తయ్య కళ్లలో చుక్కల మందు నాలుగుసార్లు. పిల్ల యూనిఫాంకు గుండీలు రెండు. మొత్తం పద్నాలుగు. మిగిలినవి: లేవు.

ఈ రోజు నుంచి దీక్ష. ఇరవై ఒక్క రోజులు. ఇంట్లో కనిపించిన ప్రతి వేడినీ, ప్రతి చల్లదనాన్నీ సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కు, ఫారెన్‌హీట్ నుంచి సెల్సియస్‌కు చేత్తో మార్చాలి.

నియమాలు:
ఒకటి, ఫోను ముట్టుకోకూడదు.
రెండు, రోజుకు పది లెక్కలు.
మూడు, తప్పు చెరపకూడదు. కొట్టేసి పక్కన రాయాలి. పద్దు పుస్తకానికి ఏ పద్ధతో దీనికీ అదే.
నాలుగు, ఎవరికీ చెప్పకూడదు.

కారణం కూడా రాసి పెట్టుకోవాలి. పోయిన శనివారం మా పిల్ల సైన్సులో తప్పింది. తొమ్మిదో తరగతి. వందకు ఇరవై ఎనిమిది. అత్తయ్య దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మీ అమ్మను చూసి నేర్చుకోవే. బడి చివరి పరీక్ష ఒక్కసారికే పాసైంది. సైన్సుతో సహా" అన్నారు. పిల్ల నా వైపు చూసింది. నేను పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్లాను. పాలు పొంగడం లేదు. పొయ్యి మీద అసలు పాలే లేవు.

నేను పాస్ కాలేదు. సైన్సులో ముప్పై రెండు వచ్చాయి. కావలసినవి ముప్పై అయిదు. ఈ ఉష్ణోగ్రతల లెక్క ఒక్కటి వచ్చి ఉంటే గట్టెక్కేదాన్ని. ఫలితాలు రాకముందే మా నాన్న పెళ్లివారితో పాసైందని చెప్పేశాడు. చెప్పింది ఆయనే. కానీ కాదనకుండా ఊరుకున్నది నేను. కాబట్టి అది నా పద్దులోకే వస్తుంది. ఇరవై రెండేళ్లు.

ఇప్పుడు ఆ పరీక్ష ప్రైవేటుగా ఎవరైనా రాయవచ్చట. దరఖాస్తు తెచ్చాను, నింపాను. గడువు ఇరవయ్యో తేదీ. ముందు ఈ లెక్కల్లో చెయ్యి తిరగాలి, ఆ తరువాత ఇచ్చి వస్తాను. పాసైపోతే అబద్ధం కాస్తా నిజమై కూర్చుంటుంది. ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

గది: 24 సెల్సియస్. తొమ్మిదితో హెచ్చించి అయిదుతో భాగిస్తే 43.2. ముప్పై రెండు కలిపితే 75.2 ఫారెన్‌హీట్. ఒక్క దెబ్బకు వచ్చేసింది! ఇరవై ఒక్క రోజులు ఎక్కువేమో.


నవంబరు 4, మంగళవారం

అత్తయ్య రోజూ పొద్దున్నే పాదరసం థర్మామీటరు నోట్లో పెట్టుకుంటారు. జ్వరం ఉండి కాదు, ఉందేమోనని. అది ఫారెన్‌హీట్‌ది. ఈ రోజు 98.6.

అయిదుతో హెచ్చించాను, తొమ్మిదితో భాగించాను, ముప్పై రెండు తీసేశాను. 22.8 సెల్సియస్.

గది 24. అత్తయ్య గదికన్నా చల్లగా ఉన్నారు. వెళ్లి చూశాను. పేపరు చదువుతున్నారు.

మళ్లీ చేశాను. మళ్లీ 22.8. గంటసేపు ఆలోచిస్తే తట్టింది. ఇది పద్దు లాంటిదే. నీళ్లు గడ్డకట్టే చోట సెల్సియస్ తన ఖాతాను సున్నాతో తెరుస్తుంది. ఫారెన్‌హీట్ అదే చోట ముప్పై రెండు పాత నిల్వతో తెరుస్తుంది. పాత నిల్వను పక్కన పెట్టకుండా మిగతాది పంచుకుంటే పద్దు కుదురుతుందా? ముందు ముప్పై రెండు తీసేయాలి. 66.6 మిగులుతుంది. అయిదుతో హెచ్చించి తొమ్మిదితో భాగిస్తే 37.

అత్తయ్య క్షేమం.

మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను: ముప్పై రెండు ముందు తీసేయాలి. ఎప్పుడైనా. ఎవరికైనా.


నవంబరు 6, గురువారం

లెక్కలు పది. తప్పులు లేవు.

మా ఆయన ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేస్తారు. ఆయన సంచిలో సూది మీటరు ఒకటి ఉంటుంది, దేనిలో గుచ్చినా సెల్సియస్‌లో చూపిస్తుంది. వారు స్నానానికి వెళ్లినప్పుడల్లా తీసుకుంటున్నాను. ఫ్రిజ్ పైఅర: 4, అంటే 39.2. టీ: 71, అంటే 159.8.

"ఏమోయ్, నా మీటరు టీలో ఎందుకుంది?"

"వేడి చూస్తున్నాను."

"నోట్లో పోసుకుంటే తెలుస్తుంది కదా."

పిల్లకు లెక్కలు చెప్పడానికి నేర్చుకుంటున్నానని అన్నాను. అబద్ధం ఇంకొకటి. చిన్నదే.

ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "మైనస్ నలభై దగ్గర రెండూ ఒకటే అంకె, తెలుసా" అన్నారు. చేసి చూశాను. నిజమే! సెల్సియస్‌లో మైనస్ నలభై, ఫారెన్‌హీట్‌లో మైనస్ నలభై.

అత్తయ్య విని, "అయితే అక్కడ కాపురం పెట్టండి. ఈ లెక్కలన్నీ ఉండవుగా" అన్నారు.

"అక్కడ బతకలేం అత్తయ్యా."

"లెక్కలు ఉండవుగా."


నవంబరు 8, శనివారం

లెక్కలు పన్నెండు! రెండు ఎక్కువ. సోమవారానికి ముందుగా జమ.

పిల్ల సైన్సు పుస్తకం దుమ్ము దులుపుతానని తీసుకున్నాను. ఆ పాఠం దగ్గర మార్జిన్లో పిల్లి బొమ్మ గీసి ఉంది. పిల్లి పక్కన మబ్బు, మబ్బులో "నాకు రాదు" అని రాసి ఉంది.

పిల్ల వచ్చి చూసింది. "ఏంటి ఆడిటరమ్మా, నా పుస్తకం కూడా తనిఖీనా?"

"దుమ్ము."

"మూడు గంటల నుంచి దులుపుతున్నావు."


నవంబరు 11, మంగళవారం

మీటరు ఆయనతోపాటు పనికి వెళ్లింది. లెక్కలు: సున్నా. ఇది నా తప్పు కాదు.


నవంబరు 12, బుధవారం

నిన్నటివి ముందుకు తెచ్చినవి: పది. ఈ రోజువి: పది. చేసినవి: మూడు. నీళ్ల మోటారు చెడింది. మోటారు వేడి రాద్దామనుకున్నాను. ముట్టుకోవద్దన్నారు.


నవంబరు 14, శుక్రవారం

ముందుకు తెచ్చినవి ఇరవై ఏడు. ఈ రోజువి పది.

ఆయన ఒక దగ్గరిదారి చెప్పారు. సెల్సియస్‌ను రెట్టింపు చేసి ముప్పై కలపడం. అంతే. "మా పనిలో అందరం ఇలాగే చేస్తాం. ఎవరూ చచ్చిపోలేదు."

గది 24. రెట్టింపు 48. ముప్పై కలిపితే 78. అసలు జవాబు 75.2. తేడా 2.8. ఈ ఇంట్లో 2.8 తేడాకు ఎవరూ గొడవ పడరు. వంటలో ఉప్పు ఇంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది.

ముప్పై ఏడు లెక్కలూ పావుగంటలో పూర్తి. బోలెడు సమయం మిగిలింది. ఆ సమయంలో ఏం చేయాలో తోచక కూర్చున్నాను.


నవంబరు 17, సోమవారం

టైము చూద్దామని ఫోను తీశాను. టైముతోపాటు ఉష్ణోగ్రత కూడా కనిపించింది. నేను అడగలేదు. కనిపించింది కాబట్టి రాసుకున్నాను. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మార్చే బొత్తం కూడా పక్కనే ఉంది. అదీ నేను పెట్టలేదు.

నియమం ఒకటికి సవరణ: ఫోను సరిచూసుకోవడానికి మాత్రమే.

చేసినవి: సున్నా. సరిచూసుకున్నవి: పది.


నవంబరు 19, బుధవారం

రేపు గడువు. దరఖాస్తు బీరువాలో ఉంది. రేపు పొద్దున్నే ఇచ్చి వచ్చేస్తాను.

ఇంతలో సాయంత్రం అత్తయ్య ఫోనులో వాళ్ల చెల్లెలితో, "మనవరాలిది తండ్రి పోలిక. కోడలు మాత్రం అలా కాదు, ఒక్కసారికే పాసైంది" అని చెప్తున్నారు. గట్టిగా చెప్తున్నారు, చెల్లెలికి వినపడదని. పిల్ల గది తలుపు తెరిచే ఉంది. తరువాత మూసుకుంది.


నవంబరు 20, గురువారం

పనులు: ఫ్రిజ్ అరలన్నీ తీసి కడగడం. కిటికీ ఊచలు తుడవడం. కత్తెరలకు నూనె. మధ్యాహ్నం స్టీలు డబ్బాలన్నీ కింద పరిచి ఏ మూత ఏ డబ్బాదో జత చూడడం. డబ్బాలు ఇరవై ఆరు, మూతలు ఇరవై తొమ్మిది. ఆ మూడు ఎక్కడివో తేలలేదు.

దరఖాస్తుల కౌంటరు అయిదు గంటలకు మూస్తారు. మూతల పని అయిదుంబావుకు పూర్తయింది.


నవంబరు 21, శుక్రవారం

ఈ ఇంట్లో కరెంటు బిల్లు ఒక్కసారి కూడా గడువు దాటలేదు. నీళ్ల బిల్లు దాటలేదు. పిల్ల టీకాలు ఒక్కటీ రోజు తప్పలేదు.

నిన్నటిది మరుపు కాదు. నాలుగు గంటలకు గడియారం చూశాను. నాలుగున్నరకు చూశాను. మళ్లీ ముప్పై రెండే వస్తే ఏం చేయాలి అనుకున్నాను. తరువాత ఇంకో మూత తీసుకున్నాను.

లెక్కలు ఆపేశాను. రాయడానికి ఇంకేమీ లేదు.


నవంబరు 25, మంగళవారం

రాయక తప్పేట్టు లేదు.

అత్తయ్యకు నిజంగానే జ్వరం వచ్చింది. పొద్దున 99.4. సాయంత్రం నాలుగింటికి 101.4. క్లినిక్కుకు ఫోను చేశాను. నర్సు ఎత్తింది.

"పొద్దుటికీ ఇప్పటికీ ఎంత పెరిగిందమ్మా? సెల్సియస్‌లో చెప్పండి. మా చార్టులో అవే ఉంటాయి."

పెరిగింది రెండు. ఫారెన్‌హీట్‌లో రెండు. ఎర్ర సిరా నియమం గుర్తుంది. ముందు ముప్పై రెండు తీసేశాను. మైనస్ ముప్పై. అయిదుతో హెచ్చించి తొమ్మిదితో భాగించాను. రెండుసార్లు సరిచూశాను. లెక్కలో తప్పు లేదు.

"పదహారు పాయింట్ ఏడు తగ్గిందండీ" అన్నాను.

అటువైపు చార్టు తిప్పిన చప్పుడు.

"అమ్మా, పెద్దావిడ మాట్లాడుతున్నారా?"

"మాట్లాడుతున్నారండీ. నన్ను తిడుతున్నారు."

"ఏమని?"

"ఇంకో దుప్పటి ఇవ్వలేదని."

పిల్ల నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఒకటి పాయింట్ ఒకటి పెరిగిందండీ. మా అమ్మ కొంచెం కంగారులో ఉంది." కాగితం లేదు, పెన్ను లేదు. నిలబడి చెప్పేసింది.

మాత్ర వేశాం. రెండు గంటల్లో చెమట పట్టి దిగింది. అత్తయ్యకు ఆకలేసింది. అప్పుడు పిల్లను అడిగాను, ముప్పై రెండు ఎందుకు తీయలేదని.

"పెరిగినదానికి ఎందుకు తీస్తావమ్మా? నెల ఖర్చు ఎంతంటే ఖర్చు చెప్తావు. అందులోంచి పాత నిల్వ తీసేసి చెప్తావా?"

చెప్పను. ఇరవై రెండేళ్లలో ఒక్క నెల కూడా అలా చెప్పలేదు.

"ఇంత తెలిసినదానివి పరీక్షలో ఎలా తప్పావే?"

"పేపరు చూడగానే చేతులు చల్లబడ్డాయి. ముందు రోజంతా నాయనమ్మ నీ కథే కదా చెప్పింది."


నవంబరు 26, బుధవారం

మా పిల్లకు సోమవారం, అంటే ఒకటో తేదీన, సైన్సు మళ్లీ పెడుతున్నారు. తప్పిన వాళ్లకు ఇదే చివరి అవకాశం. ఇదీ పోతే పైతరగతి లేదు. ఏడాదంతా మళ్లీ మొదటి నుంచి.

ఈ రోజు పొద్దున బూట్ల లేసు కట్టుకుంటూ, "నేను ఆ పరీక్షకు పోనమ్మా" అంది.

"నిన్న చక్కగా చెప్పావు కదే."

"ఇంట్లో చెప్పడం వేరు. నువ్వు ఒక్కసారికే పాసైనదానివి. నీకే పదహారు డిగ్రీలు తగ్గింది. ఇక నాకెక్కడ వస్తుంది?"

జవాబు నా నోటి దాకా వచ్చింది. ఆయన బండి హారన్ కొట్టారు. పిల్ల వెళ్లిపోయింది.

నేను గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో చూసుకోలేదు. మామూలుగా చూసుకుంటాను.


నవంబరు 30, ఆదివారం

నెలాఖరు. భోజనాలయ్యాక నెల పద్దు పైకి చదవడం ఈ ఇంటి అలవాటు. అత్తయ్య కళ్లు మూసుకుని వింటారు, తప్పు దొరుకుతుందేమోనని. ఎప్పుడూ దొరకలేదు. ఆయన కళ్లు మూసుకుంటారు, అది వేరే సంగతి. పిల్ల కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంటుంది.

చదివాను. కూరలు. సబ్బులు. మోటారు రిపేరు. అత్తయ్య మాత్రలు. మొత్తం. నిల్వ.

తరువాత, "ఒక సవరణ ఉంది" అన్నాను.

అత్తయ్య కళ్లు తెరిచారు. "సవరణా? నీ పద్దులోనా?"

"ఇరవై రెండేళ్ల కిందటిది. కోడలు బడి చివరి పరీక్ష పాసైనట్టు రాసి ఉంది. అది తప్పు. సైన్సులో ముప్పై రెండు. ఫెయిల్."

ఆయన కళ్లు తెరవకుండానే, "సరే, రాసుకో" అన్నారు. తరువాత తెరిచారు.

 అత్తయ్య, "ఎన్ని తక్కువ?" అన్నారు.

"మూడు."

"మూడా? మూడు మార్కులకా ఇన్నాళ్లు దాచావు? నేను అందరికీ చెప్పుకున్నానే!"

"నేనే ఫోన్లు చేసి చెప్తానత్తయ్యా, తప్పని."

"ఎవరికి చేస్తావు? వాళ్లలో సగం మంది పోయారు. మిగతా సగానికి చెవులు వినపడవు."

ఆయన, "అయితే ఇన్నాళ్లూ నా ట్యాక్సు లెక్కలు వేసింది ఫెయిలైన మనిషా?" అన్నారు. నవ్వడానికే అన్నారు. ఎవరూ నవ్వలేదు. తన కంచం తనే తీసుకుని లేచారు. పెళ్లయ్యాక ఇది మొదటిసారి.

పిల్ల నవ్వుతుందనుకున్నాను. తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను.

"అంటే నాయనమ్మ నన్ను అన్నన్నిసార్లూ నువ్వు పక్కనే ఉన్నావు" అంది.

"ఉన్నాను."

"అది నిజం కాదని నీకు తెలుసు."

"తెలుసు."

"నా తరఫున ఒక్క మాట అనలేదు. ఒక్కటంటే ఒక్కటి."

లేచి గదిలోకి వెళ్లింది. తలుపు గట్టిగా వేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

నెల పద్దు కింద ఇంకో గీత గీసి రాశాను. పిల్లకు బాకీ: ఒక్క మాట.


డిసెంబరు 1, సోమవారం

ఆరు గంటలకు లేచేసరికి పిల్ల యూనిఫాంలో ఉంది. నాతో మాట్లాడలేదు. జడ తనే వేసుకుంది, వంకరగా. పెద్దవాళ్లు ఒకరు వచ్చి సంతకం పెట్టాలట. "నాన్నను రమ్మను" అంది అత్తయ్యతో, నేను ఎదురుగా ఉండగానే.

ఆయన, "నాకు ఏసీ ఉంది" అన్నారు. ఈ రోజు ఆయనకు ఏ ఏసీ లేదు. పుస్తకంలో రాసేది నేనే కాబట్టి నాకు తెలుసు.

అత్తయ్య పిల్లను దగ్గరికి పిలిచి, వంకర జడ విప్పి మళ్లీ వేశారు. వేస్తూ, "నేను పరీక్ష మొహం ఎరగను. ఒక్కటి కూడా రాయలేదు. నిన్ను అనడానికి మాత్రం నోరుంది" అన్నారు. పిల్ల తల వంచి ఇచ్చింది. కదలకుండా కూర్చుంది, జడ పూర్తయ్యేవరకు.

బడి వరండాలో బల్ల వేసుకుని సైన్సు టీచరమ్మ కూర్చుంది. మాకు ముందు అయిదుగురు, వెనక చాలామంది. తల్లులు, తండ్రులు, తప్పిన పిల్లలు. ఎవరూ ఎవరినీ చూడడం లేదు. అందరూ గోడకున్న పటం చూస్తున్నారు. అది గుండె బొమ్మ.

మా వంతు వచ్చింది. టీచరమ్మ రిజిస్టరు తిప్పుతూ, "పోయినసారి నాయనమ్మగారు వచ్చారు కదా. మీరు ఒక్కసారికే పాసయ్యారని చెప్పారు. అలాంటి తల్లికి పుట్టి ఈ పిల్ల ఇలా ఎందుకు..." అంది.

"పాస్ కాలేదండీ" అన్నాను. "నేనూ సైన్సులోనే తప్పాను. ఈ పాఠంలోనే. ముప్పై రెండు. మా అమ్మాయికి నాకన్నా బాగా వచ్చు. పోయిన వారం మా అత్తగారి జ్వరం లెక్క నేను తప్పు చేస్తే తనే సరిచేసింది."

టీచరమ్మ పెన్ను ఆగింది. వెనక ఎవరో దగ్గారు. వరుసలో ఒక తండ్రి గుండె బొమ్మ వదిలేసి మా వైపు చూశాడు.

"సంతకం ఇక్కడండీ" అంది టీచరమ్మ.

పెట్టాను. పిల్ల నా పక్కన నడుస్తూ గది గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"అంత గట్టిగా చెప్పాలా? వరండా అంతా వినపడింది."

"మెల్లగానే చెప్పాను."

"అరిచావు." పెన్సిలు డబ్బా రెండో చంకలోకి మార్చుకుంది. "బయటే ఉంటావా?"

"ఉంటాను."

లోపలికి వెళ్లింది. రెండున్నర గంటలు మెట్ల మీద కూర్చున్నాను. వచ్చాక ఎలా రాశావంటే భుజాలెగరేసింది. చెప్పనంది. సరే. ఇంటి దాకా నా సంచి తనే మోసింది.

మధ్యాహ్నం దరఖాస్తుల కౌంటరుకు వెళ్లాను. వచ్చే విడత పరీక్షకు దరఖాస్తు అడిగితే గుమాస్తా, "ఇంకా అయిదు నెలల గడువుంది కదమ్మా" అన్నాడు. తెలుసన్నాను. అక్కడే నిలబడి నింపాను, అక్కడే ఇచ్చాను, రసీదు తీసుకున్నాను.

దీక్ష, మొదటి రోజు. మళ్లీ ఇరవై ఒక్కటి.

నియమాలు:
ఒకటి, ఫోను అత్తయ్య దగ్గర ఉంటుంది. అడిగినా ఇవ్వనన్నారు.
రెండు, రోజుకు అయిదు లెక్కలు. పది అంటే ఏమైందో చూశాం.
మూడు, దిద్దేది పిల్ల. మార్కులు వేస్తానంది. ఉదారంగా వేయనని కూడా అంది.
నాలుగు, అందరికీ చెప్పాలి.

గది: 22 సెల్సియస్. జవాబు 71.6. పిల్ల టిక్కు పెట్టి, అంకెలు తిన్నగా రాయమంది.

పిల్లకు బాకీ: ఒక్క మాట. చెల్లు.